కరెంటు పికప్ బండి 120 ఏళ్ల కథ: కాగితం మీద కిలోమీటర్లు, లోడు మీద కిలోమీటర్లు



ఈ మధ్య ఏ ఊరికి వెళ్లినా ఒక మాట వినపడుతోంది. "డీజిల్ బండి ఎందుకన్నా, కరెంటు ట్రాలీ తీసుకో. ఒక్కసారి చార్జింగ్ పెడితే 150 కిలోమీటర్లు" అని. రంగుల కాగితం చేతిలో పెడతారు, పక్కనే ఈఎంఐ లెక్క కూడా వేసి ఇస్తారు. మన పిల్లలు కూడా అదే మంచిదంటున్నారు. మంచిదే కావచ్చు. కానీ ఆరేడు లక్షల అప్పు నెత్తిన పెట్టుకునే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. కరెంటుతో లోడు లాగే బండి ఈరోజు పుట్టింది కాదు. దానికి 120 ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర ఎక్కువ భాగం అమెరికాలో జరిగింది. అక్కడ పికప్ అంటే ముందు నుంచీ రైతు బండే. వాళ్ల కథ చదివితే మనం షోరూములో ఏం అడగాలో మనకే తెలుస్తుంది.

కొంచెం పొడుగ్గానే ఉంటుంది. ఓపిగ్గా చదవండి.

ముందు మన మోటారు లెక్క

ఈ బండ్ల గురించి మాట్లాడేటప్పుడు కిలోవాట్, కిలోవాట్ అవర్ అని రెండు మాటలు వస్తాయి. మనకి ఇవి కొత్తవేం కాదు. కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. బ్యాటరీ 20 కిలోవాట్ అవర్ అంటే అందులో 20 యూనిట్లు పడతాయని అర్థం. అది మన నీళ్ల తొట్టి లాంటిది.

కిలోవాట్ అంటే ధార. 5 హెచ్‌పీ మోటారు అంటే సుమారు 3.7 కిలోవాట్లు. చార్జర్ 3.3 కిలోవాట్లు అంటే, ఇంచుమించు ఒక 5 హెచ్‌పీ మోటారు లాగేంత కరెంటు బండిలోకి పోతుందన్నమాట. తొట్టి ఎంత పెద్దదో అది రేంజ్. ధార ఎంత లావో అది చార్జింగ్ స్పీడు. తొట్టి పెద్దదై ధార సన్నంగా ఉంటే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లారినా నిండదు.

ఇంకో సంగతి. బ్యాటరీ 80 శాతం దాకా గబగబా నిండుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. పత్తి బోరెం తొక్కేటప్పుడు చూడండి, ముందు చేతికి అందినంత వేస్తాం, చివర్లో కొంచెం కొంచెం వేసి తొక్కాలి. ఇదీ అంతే. అందుకే కంపెనీలన్నీ 80 శాతానికి ఎంతసేపు పడుతుందో చెప్తాయి గానీ 100 శాతానికి ఎంతసేపో పెద్దగా చెప్పవు.

ఈ లెక్క గుర్తుంచుకోండి. ఇక కథలోకి పోదాం.

1900లో కరెంటు బండే ముందుంది

1900 సంవత్సరంలో అమెరికాలో తయారైన కార్లు నాలుగు వేల పైచిలుకు. అందులో ఆవిరి బండ్లు 1,681, కరెంటు బండ్లు 1,575, పెట్రోలు బండ్లు 936 మాత్రమే. అంటే అప్పట్లో మూడో స్థానం పెట్రోలుది. ఆ రోజుల్లో పెట్రోలు ఇంజనుకి హ్యాండిల్ పెట్టి తిప్పితే గానీ స్టార్ట్ అయ్యేది కాదు. పాత ఆయిల్ ఇంజన్లు తిప్పినవాళ్లకి ఆ బాధ తెలుసు, వెనక్కి తన్నిందంటే చెయ్యి విరిగేది. కరెంటు బండికి ఆ గొడవ లేదు. మీట నొక్కితే కదిలేది.

పట్నాల్లో పెద్ద దుకాణాలు, ఐసు కంపెనీలు, రొట్టెల కంపెనీలు గుర్రపు బండ్లు తీసేసి కరెంటు ట్రక్కులు కొన్నాయి. షికాగోలో వాకర్ అనే కంపెనీ ఇవే తయారుచేసి లండన్ దుకాణాలకి కూడా అమ్మింది. బ్యాటరీ మాత్రం సీసం, యాసిడ్‌ది. మన ట్రాక్టరులో, ఇన్వర్టరులో ఉండే రకమే. బరువెక్కువ, దాచే కరెంటు తక్కువ. బల్బుతో మనందరికీ తెలిసిన ఎడిసన్ ఏళ్ల తరబడి కష్టపడి నికెల్, ఇనుముతో వేరే బ్యాటరీ చేశాడు. మొదట వచ్చినవి కారిపోతుంటే అమ్మకం ఆపేసి, మళ్లీ బాగుచేసి 1910 ప్రాంతంలో తెచ్చాడు. గట్టి బ్యాటరీయే. కానీ ఖరీదెక్కువ.

అప్పుడు కూడా కొనేవాడి ప్రశ్న ఇదే: "ఒక చార్జింగుకి ఎంత దూరం పోతుంది? మళ్లీ నిండటానికి ఎంతసేపు?"

హార్ట్‌ఫర్డ్ వాళ్ల తెలివి

ఆ ప్రశ్నకి హార్ట్‌ఫర్డ్ అనే ఊరి కరెంటు కంపెనీ ఒక మంచి జవాబు కనిపెట్టింది. బండి కొనేటప్పుడు బ్యాటరీ కొనక్కర్లేదు. బ్యాటరీ కరెంటు కంపెనీదే. చార్జి అయిపోతే బండిని వాళ్ల షెడ్డుకి తోలుకుపోతే ఖాళీ బ్యాటరీ తీసి నిండిన బ్యాటరీ పెట్టి పంపేవాళ్లు. నెలకి కొంత, నడిచిన మైలుకి ఇంత అని డబ్బు కట్టాలి. నిండేదాకా బండి ఆగక్కర్లేదు. బ్యాటరీ పాడైపోతుందేమోనని యజమాని భయపడక్కర్లేదు.

ఈ పద్ధతి 1924 దాకా పదేళ్లకి పైగా నడిచింది. ఆ బండ్లన్నీ కలిసి 60 లక్షల మైళ్లకి పైగా తిరిగాయి. ఇప్పుడు మన పట్నాల్లో ఆటోలకి బ్యాటరీ మార్చే కేంద్రాలు పెట్టి ఇదేదో సరికొత్త ఆలోచన అంటున్నారు. ఇది వందేళ్ల నాటి ఆలోచన.

ఇక్కడ గమనించాల్సిందేంటంటే, వాళ్లు బ్యాటరీని పెంచలేదు. నింపే పద్ధతి మార్చారు. పని నడిచింది.

మరి రైతు దగ్గరికి ఎందుకు రాలేదు?

1908లో ఫోర్డ్ మోడల్ టి వచ్చింది. 1912లో కెటరింగ్ అనే ఇంజనీరు చేసిన సెల్ఫ్ స్టార్టర్ కాడిలాక్ కారులో పెట్టారు. హ్యాండిల్ తిప్పే బాధ పోయింది. 1901లో టెక్సాస్‌లో పెద్ద నూనె బావి పడ్డాక అక్కడ పెట్రోలుకి కొదవ లేకుండా పోయింది. ఎడిసన్, ఫోర్డ్ ఇద్దరూ స్నేహితులు. 1914 ప్రాంతంలో ఇద్దరూ కలిసి చౌక కరెంటు కారు చెయ్యాలని చూసి మానుకున్నారు. 1925లో ఫోర్డ్ కంపెనీ ఫ్యాక్టరీలోనే వెనక తొట్టి బిగించిన మొదటి పికప్ అమ్మింది. ధర 281 డాలర్లు. అది నేరుగా అమెరికా రైతు కళ్లంలోకి పోయింది.

రైతు పెట్రోలు వైపు పోవటానికి ఇంకో పెద్ద కారణం ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. అప్పటికి అమెరికా పల్లెల్లో కరెంటు లేదు. 1930ల నడుమ కూడా అక్కడ పది రైతు ఇళ్లలో ఒక ఇంటికే కరెంటు ఉండేది. 1936లో పల్లె కరెంటు కోసం ప్రత్యేకంగా చట్టం చేసి, రైతుల సహకార సంఘాలకి అప్పులిచ్చి తీగలు లాగాల్సి వచ్చింది. పెట్రోలైతే డబ్బాలో తెచ్చుకుని కొట్టంలో పెట్టుకోవచ్చు. కరెంటుని డబ్బాలో తేలేం కదా. బండి బాగుందా లేదా అన్నదాని కంటే మన గుమ్మం ముందు ప్లగ్గు ఉందా లేదా అన్నదే అప్పుడు తేల్చేసింది.

పాలబండ్ల పాఠం

అదే కాలంలో ఇంగ్లండులో ఇంకో కథ నడిచింది. అక్కడ తెల్లవారుజామున ఇంటింటికీ పాల సీసాలు వేసే బండ్లు ఉండేవి. గుర్రాల తర్వాత ఆ పనికి కరెంటు బండ్లు వచ్చాయి. స్పీడు చాలా తక్కువ. బ్యాటరీ మామూలు సీసం బ్యాటరీయే. అయినా వేలకి వేలు తిరిగాయి. 1967లో అక్కడి కరెంటు బండ్ల సంఘం, ప్రపంచంలో మిగతా దేశాలన్నీ కలిపినా మా దగ్గరున్నన్ని బ్యాటరీ బండ్లు లేవని ప్రకటించింది. వాటిలో దాదాపు అన్నీ పాలబండ్లే.

ఎలా కుదిరింది? దారి రోజూ ఒకటే, దూరం ముందే తెలుసు. ఇల్లిల్లుకీ ఆగుతూ పోవాలి. అలా ఆగి కదిలే పనికి పెట్రోలు ఇంజను దండగ, కరెంటు మోటారు ఆగినప్పుడు ఏమీ తాగదు. పొద్దునకల్లా పని అయిపోతుంది. బండి షెడ్డుకి వచ్చి ప్లగ్గు పెట్టుకుంటే మళ్లీ తెల్లవారుజాముకి సిద్ధం. వాళ్లకి పెద్ద బ్యాటరీ అవసరం లేదు, ఫాస్ట్ చార్జర్ కూడా అవసరం లేదు.

తర్వాత పాలబండ్లు తగ్గిపోయాయి. అది బ్యాటరీ తప్పు కాదు. ఇంట్లో ఫ్రిజ్ వచ్చింది, సూపర్ మార్కెట్లో పాలు చౌకగా దొరికాయి, గుమ్మంలో సీసా పెట్టించుకోవటం జనం మానేశారు.

1997: పెద్ద కంపెనీల మొదటి కరెంటు పికప్‌లు

1990లో కాలిఫోర్నియా రాష్ట్రం పొగ బాధ పడలేక ఒక రూలు తెచ్చింది. 1998 నాటికి పెద్ద కంపెనీలు అమ్మే బండ్లలో 2 శాతం పొగ లేనివి ఉండాలని. దాంతో కంపెనీలు తొందరపడ్డాయి. 1997లో షెవర్లే ఎస్-10 ఈవీ, 1998లో ఫోర్డ్ రేంజర్ ఈవీ వచ్చాయి. రెండూ చిన్న పికప్‌లే.

షెవర్లే బండిలో మొదటి బ్యాటరీ సుమారు 16 యూనిట్లది, సీసం రకం. బరువు అర టన్నుకి పైగా. అంత బరువు మోసుకుని ఒక చార్జింగుకి 65, 80 కిలోమీటర్ల మధ్య పోయేది. తర్వాత నికెల్ బ్యాటరీ పెడితే దూరం పెరిగింది, ఖర్చు కూడా పెరిగింది. ఫోర్డ్ రేంజర్ కూడా సుమారు ఇదే దారి. ఖాళీ అయితే మళ్లీ నిండటానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు.

ఇంకో తలనొప్పి ప్లగ్గు. షెవర్లేది తెడ్డు లాంటిది, బండిలో దూర్చాలి. ఫోర్డ్‌ది వేరే రకం. ఒకరి చార్జర్ ఇంకొకరికి పనికిరాదు. అసలే చార్జర్లు తక్కువ, ఉన్నవాటిలో సగం మనవి కావు.

షెవర్లే ఐదు వందల లోపు, ఫోర్డ్ సుమారు 1,500 బండ్లు చేశాయి. ఎక్కువ భాగం కరెంటు కంపెనీలకి, ప్రభుత్వ ఆఫీసులకి, చాలావరకు లీజు మీద ఇచ్చినవి. రూలు సడలించగానే కంపెనీలు ఆపేశాయి. లీజు అయిపోయిన బండ్లు వెనక్కి తీసుకుని చాలావాటిని తుక్కు చేశాయి. 2005లో శాక్రమెంటోలో కొందరు మా రేంజర్ మాకు అమ్మండి అని షోరూము ముందు కూర్చున్నారు. చివరికి కంపెనీ ఒప్పుకుంది. 80 కిలోమీటర్లే పోయే బండి కోసం జనం రోడ్డు మీద కూర్చోవటం ఏంటి అనిపిస్తుంది. వాళ్ల పనికి ఆ 80 చాలు, రాత్రి ఇంట్లో ప్లగ్గు ఉంది. అంతే.

2021 తర్వాత: పెద్ద తొట్ల పోటీ

లిథియం బ్యాటరీ వచ్చాక ఆట మారింది. అదే బరువులో సీసం బ్యాటరీ కంటే ఎన్నో రెట్లు కరెంటు పడుతుంది. 2021 సెప్టెంబరులో రివియన్ అనే కొత్త కంపెనీ ఆర్1టి పికప్ ఇవ్వటం మొదలెట్టింది. అక్కడి ప్రభుత్వ పరీక్షలో 314 మైళ్లు, అంటే సుమారు 505 కిలోమీటర్లు. 20 నిమిషాల చార్జింగుతో 140 మైళ్ల దాకా పోవచ్చని కంపెనీ చెప్పింది.

2022లో ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ వచ్చింది. చిన్న బ్యాటరీ 98 యూనిట్లు, 370 కిలోమీటర్లు. పెద్దది 131 యూనిట్లు, 515 కిలోమీటర్లు. ఫాస్ట్ చార్జర్ మీద గరిష్ఠంగా 150 కిలోవాట్లు తీసుకుంటుంది. 15 శాతం నుంచి 80 శాతానికి సుమారు 41 నిమిషాలు. దానిలో రైతులకి నచ్చే సంగతి ఇంకోటి ఉంది. బండి ప్లగ్గుల నుంచి మొత్తం 9.6 కిలోవాట్ల దాకా కరెంటు బయటికి తీసుకోవచ్చు. ఇంట్లో కరెంటు పోతే బండే జనరేటర్.

జనరల్ మోటార్స్ వాళ్ల హమ్మర్ ఈవీ వచ్చింది, 200 యూనిట్లకి పైన బ్యాటరీ, 529 కిలోమీటర్లు. కానీ బండి బరువు 4 టన్నుల పైన. బ్యాటరీ ఒక్కటే సుమారు 1,300 కిలోలు. అంటే 50 కిలోల బస్తాలు 26. లోడు వెయ్యకముందే 26 బస్తాలు ఎక్కించినట్టు. అదే కంపెనీ సిల్వరాడో ఈవీ పనిబండిని 724 కిలోమీటర్ల రేంజితో, తర్వాత 790 కిలోమీటర్లతో తెచ్చింది. 350 కిలోవాట్ల దాకా చార్జింగ్, పది నిమిషాలకి 160 కిలోమీటర్లు అని చెప్పింది.

టెస్లా సైబర్‌ట్రక్‌ది ఇంకో తీరు. 2019లో చూపించినప్పుడు 500 మైళ్ల దాకా పోయే రకం ఉంటుందన్నారు, మొదటి ధర 39,900 డాలర్లన్నారు. 2023 చివర్లో చేతికి వచ్చినప్పుడు రెండు మోటార్ల రకం 340 మైళ్లు, అంటే 547 కిలోమీటర్లు. ధర ఆ మాటకి చాలా పైన. ఫోర్డ్ కూడా మొదట 39,974 డాలర్లన్న పనిబండిని 2023 మార్చి నాటికి 59,974కి తెచ్చి, ఆ జూలైలో తగ్గించింది.

ఇక్కడ మన మోటారు లెక్క తీయండి. 150 కిలోవాట్లంటే 40 ఐదు హెచ్‌పీ మోటార్లు ఒక్కసారి ఆడినట్టు. మన చేల దగ్గర 25, 63, 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. లైట్నింగ్ ఒక్క బండి పూర్తి స్పీడుతో చార్జింగ్ పెడితే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కూడా చాలదు. సిల్వరాడో అయితే అలాంటివి మూడు నాలుగు కావాలి. అంటే ఆ స్పీడు బండిది మాత్రమే కాదు, ఆ లైనుది. హైవే పక్కన ప్రత్యేకంగా లైను లాగి పెట్టిన చార్జర్ దగ్గరే ఆ స్పీడు వస్తుంది. అదే లైట్నింగ్‌ని అమెరికా ఇంట్లో మామూలు గోడ ప్లగ్గుకి పెడితే ఖాళీ నుంచి నిండటానికి నాలుగు రోజులు దాటుతుంది. అందుకే పెద్ద బ్యాటరీ బండితో పాటు 80 ఆంపియర్ల ఇంటి చార్జర్ ఇచ్చారు. దాంతో రాత్రికి, ఎనిమిది గంటల్లో నిండుతుంది.

లోడు ఎక్కించాక

అసలు సంగతి ఇక్కడుంది. పైన చెప్పిన 515, 547, 724 అన్నీ లోడు లేకుండా పరీక్షలో వచ్చిన అంకెలు. అమెరికా రైతు పికప్ వెనక ట్రైలర్ తగిలిస్తాడు. పశువుల ట్రైలర్, గడ్డి మోపుల ట్రైలర్, పడవ ట్రైలర్. అక్కడి ఆటో పత్రికలు ఈ బండ్లకి బరువైన ట్రైలర్ తగిలించి తోలి చూస్తే రేంజ్ సగానికి పడిపోయింది. పెద్ద ట్రైలరైతే సగం కూడా రాలేదు. బరువు కంటే గాలి ఎక్కువ దెబ్బ కొట్టింది. ఎత్తైన ట్రైలర్ గాలికి అడ్డం పడుతుంది, స్పీడు పెరిగేకొద్దీ బ్యాటరీని తాగేస్తుంది. పైగా చాలా చార్జింగ్ స్టేషన్లలో ట్రైలర్ విప్పితే గానీ బండి చార్జర్ దగ్గరికి పోదు.

దీనికి తలకిందుల రుజువు కూడా ఉంది. 2025లో జనరల్ మోటార్స్ ఇంజనీర్లు ఒక సిల్వరాడోని ఒకే చార్జింగుతో 1,059 మైళ్లు తోలారు. అంటే 1,700 కిలోమీటర్లు. కాగితం మీద ఉన్నదానికి రెట్టింపు. ఎలా? స్పీడు గంటకి 30, 40 కిలోమీటర్లు. ఏసీ లేదు. స్టెప్నీ టైరు తీసేశారు. టైర్లలో గాలి నిండుగా కొట్టారు. వెనక తొట్టికి మూత వేశారు. బండి అదే, బ్యాటరీ అదే. తోలే తీరుని బట్టి కిలోమీటర్లు రెట్టింపు అవుతాయి, లోడుని బట్టి సగమవుతాయి. అంటే రేంజ్ అనేది బండికి పుట్టుకతో వచ్చే అంకె కాదు. మనం చేసే పనికి వచ్చే అంకె.

ఇంత పోటీ జరిగాక ఏమైంది? 2024లో ఫోర్డ్ పెట్రోలు, డీజిలు అన్నీ కలిపి ఎఫ్ సిరీస్ బండ్లు అమెరికాలో 7 లక్షలకి పైగా అమ్మితే, అందులో లైట్నింగ్ 33 వేల పైచిలుకే. 2025 సెప్టెంబరులో రామ్ కంపెనీ పూర్తి కరెంటు పికప్ ఆలోచన మానుకుంది. అదే ఏడాది డిసెంబరులో ఫోర్డ్ ఇప్పుడున్న లైట్నింగ్ ఆపేస్తున్నామని చెప్పింది. ఇకమీదట వచ్చేదానిలో బ్యాటరీతో పాటు చార్జింగ్ పెట్టటానికి ఒక పెట్రోలు ఇంజను కూడా ఉంటుందట. రివియన్, సిల్వరాడో, సైబర్‌ట్రక్ మాత్రం అమ్ముతూనే ఉన్నారు. బ్యాటరీ పెంచుకుంటూ పోతే బరువు పెరిగింది, ధర పెరిగింది. ట్రైలర్ తగిలించే రైతుకి మాత్రం నమ్మకం కుదరలేదు.

మన దగ్గర కథ

మనకి ఇలాంటి ఏనుగులు రాలేదు. మనది చిన్న ఏనుగు. 2005లో వచ్చిన టాటా ఏస్ మన కూరగాయల రవాణానే మార్చేసింది. 2022 మేలో దాని కరెంటు రకం చూపించారు. బ్యాటరీ 21.3 యూనిట్లు, పరీక్ష ప్రకారం 154 కిలోమీటర్లు, లోడు 600 కిలోలు. 2025 జూన్‌లో ఏస్ ప్రో కరెంటు రకం వచ్చింది. బ్యాటరీ 14.4 యూనిట్లే, అయినా 155 కిలోమీటర్లు, లోడు 750 కిలోలు, మొదట చెప్పిన ధర 6.5 లక్షలు. చూశారా, తొట్టి మూడో వంతు తగ్గింది, కిలోమీటర్లు తగ్గలేదు. బండి చిన్నదై, తేలికైంది. హమ్మర్ ఈవీ ఒక యూనిట్‌కి రెండున్నర కిలోమీటర్లు పోతే, కాగితం లెక్కన ఏస్ ఈవీ ఏడు, ఏస్ ప్రో పది దాటి పోతాయి. లోడు, పరీక్ష పద్ధతి వేరు కాబట్టి వాటికీ వీటికీ నేరుగా పోటీ పెట్టకూడదు. కానీ చిన్న పనికి చిన్న తొట్టి చాలన్న సంగతి మాత్రం తెలుస్తుంది.

చార్జింగ్ స్పీడులో మనవి అమెరికా బండ్లకి దరిదాపుల్లో లేవు. ఏస్ ఈవీకి ఫాస్ట్ చార్జర్ మీదైనా 80 శాతం రావటానికి గంటా నలభై ఐదు నిమిషాలని కంపెనీ లెక్క. కానీ తొట్టి చిన్నది కాబట్టి మన ఇంటి ధార దానికి సరిపోతుంది. 15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి మూడు కిలోవాట్లు వచ్చినా రాత్రి ఏడెనిమిది గంటల్లో నిండుతుంది. పాలబండి లెక్కే.

అందుకని షోరూముకి పోయేవాళ్లు "ఎన్ని కిలోమీటర్లు పోతుంది" అని ఒక్కటే అడిగి రావద్దు. ఇవి చూసుకోండి.

మొదటిది, మీ రోజు దూరం. ఊరి నుంచి మార్కెట్ 35 కిలోమీటర్లు అనుకుందాం. రానుపోను 70. నేనైతే కాగితం మీద అంకెలో మూడో వంతు తీసేసి లెక్క వేస్తాను. 155లో మూడో వంతు తీస్తే 103. 70కి చాలు, ఇంకా 33 మిగులు ఉంది. కానీ అదే రోజు రెండో ట్రిప్పు ఉంటే చాలదు. ఓవర్‌లోడు వేసే అలవాటున్నవాళ్లు ఈ లెక్క అసలు నమ్మొద్దు. మిర్చి సీజన్లో, మామిడి సీజన్లో రోజుకి మూడు ట్రిప్పులు కిరాయికి తోలేవాళ్లకి ఇది వేరే లెక్క.

రెండోది, ఇంటి కరెంటు. చార్జర్ అంటే ఇంటి మీటరు మీద రాత్రంతా ఇంచుమించు ఒక 5 హెచ్‌పీ మోటారు ఆడటం. మీ బిల్లు మీద సర్వీసు ఎన్ని కిలోవాట్లకి ఉందో చూడండి. చాలకపోతే లోడు పెంచమని దరఖాస్తు పెట్టండి. వైరు, ఎర్తింగ్ సరిచేయించండి. చేను దగ్గర వ్యవసాయ సర్వీసు మీద బండికి పెట్టకండి, అది పంటకి ఇచ్చిన కరెంటు, పట్టుకుంటే కేసవుతుంది. రాత్రి మీ ఊళ్లో ఎన్ని గంటలు కోత, వోల్టేజి ఎంత ఉంటుందో మీకే తెలుసు.

మూడోది, మార్కెట్ దగ్గర చార్జర్ ఉందా. ఉంటే ఏ రకం ప్లగ్గు, మీ బండికి సరిపోతుందా, అసలు పనిచేస్తోందా. కొనకముందే ఒక రోజు పోయి కళ్లతో చూడండి. 1998లో అమెరికా వాళ్లకి తగిలిన ప్లగ్గు దెబ్బ మనకి తగలకూడదు.

నాలుగోది, లోడు వేసి తోలి చూడటం. ఖాళీ బండి టెస్ట్ డ్రైవ్ మనకి దేనికి? మీ బస్తాలు ఎక్కించి, మీ మార్కెట్ దాకా పోయి, బ్యాటరీ ఎంత శాతం తగ్గిందో కాగితం మీద రాసుకోండి. ఆ అంకె ఒక్కటే మీది. ఒప్పుకోకపోతే వేరే డీలర్ దగ్గరికి పోండి.

ఐదోది, బ్యాటరీ గ్యారంటీ. ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు, రాతపూర్వకంగా తీసుకోండి. హార్ట్‌ఫర్డ్ వాళ్లు బ్యాటరీ పూచీ కంపెనీ మీద పెట్టారు కాబట్టే జనం ధైర్యంగా బండ్లు కొన్నారు. ఇప్పుడు బ్యాటరీ పూచీ మన మీద ఉంది. ఈఎంఐ అయిపోయేలోపు బ్యాటరీ కూలబడితే బాకీ మనదే, బండి మాత్రం కదలదు.

120 ఏళ్లలో కరెంటు లోడు బండి నిలబడ్డ చోటల్లా మూడు ఉన్నాయి: తెలిసిన దారి, తెలిసిన లోడు, గుమ్మం ముందు ప్లగ్గు. ఈ మూడూ మీకుంటే చిన్న బ్యాటరీ బండి కూడా డీజిల్ ఖర్చు తగ్గించి నాలుగు రూపాయలు మిగులుస్తుంది. అందులో ఒకటి లేకపోయినా ఆగండి, ఇంకో సంవత్సరం చూడండి, తొందరేం లేదు.

ఇప్పటికే కరెంటు ట్రాలీ తోలుతున్న అన్నదమ్ములు ఎవరైనా ఉంటే, లోడుతో నిజంగా ఎన్ని కిలోమీటర్లు వస్తోందో, ఇంటి ప్లగ్గు మీద ఎన్ని గంటలు పడుతోందో కింద రాయండి. ఎంత లోడు, ఎంత దూరం, ఎంత శాతం తగ్గింది, ఈ మూడూ రాస్తే చాలు. రేపు అప్పు చేసి కొనబోయే ఇంకో రైతుకి అది కంపెనీ కాగితం కంటే ఎక్కువ పనికొస్తుంది.

జై కిసాన్.